యుద్ధం, తల్లి, ఉప్పునీరు: 1971 బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాల చరిత్ర - ఒక పునఃపరిశీలన

వ్యాస సంగ్రహం:

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి భారతదేశానికి తరలివచ్చిన దాదాపు కోటిమంది శరణార్థుల చరిత్ర ప్రధానంగా దౌత్యం, సైనికచర్య, సహాయనిధుల కోణాల నుంచి రచితమైంది. బిడ్డను ఎత్తుకొని సరిహద్దు దాటిన తల్లి ఆ చరిత్రలో ఒక అంకెగానో, ఒక ఛాయాచిత్రంగానో కనిపిస్తుంది తప్ప, కార్యకర్తగా కనిపించదు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరాల్లో కలరా రోగులకు నోటిద్వారా ద్రవచికిత్స అందించిన ఉదంతాన్ని ఆధారం చేసుకొని, ఆ తల్లి చేసిన సంరక్షణను చారిత్రక క్రియగా చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శరణార్థి, కాందిశీకులు, బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం, మాతృసంరక్షణ, కలరా, ఓ.ఆర్.ఎస్., బన్‌గావ్.

1. ఉపోద్ఘాతం

యుద్ధం వల్ల ఇల్లు వదిలి పరదేశం చేరినవారిని తెలుగులో రెండు మాటలతో వ్యవహరిస్తాం. ఒకటి ‘కాందిశీకుడు’, రెండవది ‘శరణార్థి’. రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. ‘కాం దిశం’, అంటే ‘ఏ దిక్కుకు పోవాలి’ అనుకొంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడని సంప్రదాయ వ్యుత్పత్తి. శరణు అర్థించేవాడు శరణార్థి. మొదటి మాటలో దిక్కుతోచని పరుగు ఉంది, రెండవదానిలో చేయిచాచి అడగడం ఉంది. పసిబిడ్డతో బయలుదేరిన తల్లి విషయంలో ఈ రెండింటికీ అందని మూడో పని ఒకటి ఉంటుంది. ఆమె మరొక ప్రాణాన్ని మోసుకొస్తుంది, దారిలోనూ శిబిరంలోనూ దానిని నిలబెడుతుంది. భాష ఈ పనికి పేరు పెట్టలేదు. చరిత్ర రచన కూడా దీనిని చాలాకాలం పట్టించుకోలేదు.

1971 నాటి బంగ్లాదేశ్ విముక్తి యుద్ధంపై విస్తృతమైన సాహిత్యం వెలువడింది. శ్రీనాథ్ రాఘవన్ ఆ యుద్ధాన్ని ప్రపంచ రాజకీయాల నేపథ్యంలో పరిశీలించారు. గ్యారీ బాస్ అమెరికా ప్రభుత్వం వహించిన పాత్రను వెలికితీశారు. అంతరా దత్తా శరణార్థులనూ సరిహద్దునూ ప్రత్యేకాంశంగా తీసుకొన్నారు. యాస్మిన్ సైకియా, నయనికా ముఖర్జీ యుద్ధంలో స్త్రీలు అనుభవించిన హింసనూ, దాని జ్ఞాపకాలనూ అధ్యయనం చేశారు. మరోవైపు వైద్యశాస్త్ర చరిత్రకారులు కలరా చికిత్సలో వచ్చిన మలుపును వివరంగా నమోదు చేశారు. ఈ రెండు పాయలు వేరువేరుగానే సాగాయి. వాటిని ఒకచోట చేర్చి చదివితే శిబిరంలోని తల్లి స్థానం మారుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. వలసకు దారితీసిన పరిస్థితులు

1970 నవంబరు 12న తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తాకిన భోలా తుఫాను కొన్ని లక్షలమందిని బలిగొంది. డిసెంబరు 7న జరిగిన ఎన్నికల్లో షేక్ ముజీబుర్ రెహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 గెలుచుకొని జాతీయసభలో పూర్తి ఆధిక్యం సాధించింది. సైనిక ప్రభుత్వం అధికారాన్ని అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో ‘ఆపరేషన్ సెర్చ్‌లైట్’ పేరుతో సైనికచర్య మొదలై, త్వరలోనే పల్లెలకు పాకింది. హిందువులు, అవామీ లీగ్ అనుయాయులు, విద్యార్థులు, మేధావులు ప్రధాన లక్ష్యాలయ్యారు.

ప్రజలు కట్టుబట్టలతో సరిహద్దువైపు కదిలారు. మే 24న లోక్‌సభలో మాట్లాడిన ప్రధాని ఇందిరాగాంధీ ఎనిమిది వారాల్లో దాదాపు 35 లక్షలమంది వచ్చారని ప్రకటించారు. పాకిస్తాన్ తన అంతర్గత వ్యవహారమని చెబుతున్నది భారతదేశానికి అంతర్గత సమస్యగా మారిందని ఆమె వాదించారు. మే నెలాఖరుకు రోజుకు సగటున లక్షమందికి పైగా సరిహద్దు దాటుతున్నారు.

3. అంకె, చిత్రం, నిర్వచనం

3.1 అంకె: ప్రభుత్వ లెక్కల ప్రకారం 1971 చివరికి శరణార్థుల సంఖ్య దాదాపు 99 లక్షలకు చేరింది. వారిలో సుమారు 68 లక్షలమంది 825 శిబిరాల్లోనూ, 31 లక్షలమంది బంధుమిత్రుల ఇళ్లలోనూ తలదాచుకొన్నారు. ఒక్క పశ్చిమ బెంగాల్‌కే దాదాపు 75 లక్షలమంది వచ్చారు. త్రిపురకు వచ్చినవారు 14 లక్షలు దాటారు. 1971 జనగణన ప్రకారం ఆ ప్రాంత జనాభా సుమారు 15 లక్షల 56 వేలు మాత్రమే. అంటే ఆతిథేయులకు దాదాపు సమానంగా అతిథులు వచ్చారన్నమాట. ఈ అంకెలు లేకుండా సహాయకార్యక్రమం సాధ్యమయ్యేది కాదు. కాని ఏ రాష్ట్రంలో ఎందరు, శిబిరంలో ఎందరు, వెలుపల ఎందరు అన్న వర్గీకరణలో ఒక మనిషి మరొక మనిషికి ఏం చేశారన్నది కనిపించదు.

ఈ భారం సరిహద్దు రాష్ట్రాలతో ఆగలేదు. 1971 నవంబరు 15 నుంచి దేశమంతటా తపాలాపై 5 పైసల శరణార్థి సహాయ బిళ్ల తప్పనిసరి అయింది. మొదట అందుకు వాడినది అప్పటికే చలామణిలో ఉన్న కుటుంబ నియంత్రణ బిళ్లే. దానిపై ‘శరణార్థి సహాయం’ అన్న ముద్ర వేశారు. చిన్న కుటుంబం చల్లని కుటుంబమని బోధించిన బొమ్మే చెదిరిపోయిన కుటుంబాలకు చందా వసూలు చేసింది. ఆ రోజుల్లో తెలుగునాట ఉత్తరం రాసినవారు కూడా ఆ విధంగా ఈ చరిత్రలో భాగస్వాములే.

3.2 చిత్రం: ప్రపంచానికి ఈ విపత్తు ఛాయాచిత్రాల ద్వారా చేరింది. కలకత్తా శివార్లలోని సాల్ట్ లేక్ వద్ద మురుగునీటి కోసం తెచ్చి పడేసిన కాంక్రీటు గొట్టాల్లో సంసారాలు చేసిన కుటుంబాలు, జెస్సోర్ రోడ్డు వెంట వర్షంలో నడిచిన జనం, బిడ్డను గుండెకు హత్తుకొన్న తల్లులు రఘు రాయ్, డాన్ మెకల్లిన్ వంటివారి కెమెరాలకు చిక్కారు. ఆగస్టు 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ నిర్వహించిన కచేరీ బంగ్లాదేశ్ పేరును ప్రపంచమంతటికీ వినిపించింది. దాని ఆల్బమ్ అట్టపై ఖాళీ పళ్లెం ముందు కూర్చొన్న ఒక బక్కచిక్కిన పసివాడున్నాడు. అతని తల్లి ఆ చట్రంలో లేదు. దాతృత్వాన్ని మేల్కొలపడానికి ఒంటరి బిడ్డ చిత్రానికున్న శక్తిని కాదనలేం. అయితే ఒంటరి బిడ్డను చూపినప్పుడు ఆదుకొనే చేయి దూరదేశం నుంచే రావాలన్న భావన చూపరి మనసులో నాటుకుంటుంది. ఆ బిడ్డను అంతదూరం మోసుకొచ్చిన చేయి చట్రం వెలుపలే ఉండిపోతుంది.

3.3 నిర్వచనం: 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థి ఒడంబడిక జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గపు సభ్యత్వం, రాజకీయాభిప్రాయం అనే ఐదు కారణాల వల్ల పీడనకు గురవుతామన్న సహేతుకమైన భయాన్ని ప్రాతిపదికగా తీసుకొంది. యుద్ధాన్ని గాని, స్త్రీపురుష భేదాన్ని గాని ఒక కారణంగా పేర్కొనలేదు. 1969లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ చేసుకొన్న ఒడంబడిక మాత్రం విదేశీ దురాక్రమణ, శాంతిభద్రతలను తీవ్రంగా భంగపరిచే సంఘటనల కారణంగా పారిపోయినవారిని కూడా నిర్వచనంలో చేర్చింది. భారతదేశం 1951 ఒడంబడికపై గాని, 1967 ప్రోటోకాల్‌పై గాని సంతకం చేయలేదు. అయినా 1971లో సరిహద్దును మూయలేదు. వచ్చినవారు తాత్కాలికంగా ఉండి పరిస్థితులు చక్కబడగానే తిరిగి వెళ్లవలసినవారన్నది ప్రభుత్వ వైఖరి. ఆశ్రయం ఆచరణలో లభించింది గాని హక్కుగా కాదు.

వచ్చిన స్త్రీలలో చాలామంది లైంగిక హింసను అనుభవించి వచ్చారు. యుద్ధానంతరం బంగ్లాదేశ్ ప్రభుత్వం అటువంటి స్త్రీలకు ‘బీరాంగన’ (వీరాంగన) అన్న గౌరవనామం ఇచ్చింది. ఆ పేరు సమాజంలో వారికి గౌరవాన్ని తెచ్చినంతగా మౌనాన్ని కూడా తెచ్చిందని పరిశోధకులు చూపారు. అంకె, చిత్రం, నిర్వచనం, బిరుదు అనే నాలుగింటిలోనూ ఆమెపై జరిగినదే ప్రధానం. ఆమె చేసినది వెతకాలంటే వేరే ఆధారాల వద్దకు వెళ్లాలి. అటువంటి ఆధారం ఒకటి వైద్య పరిశోధన సాహిత్యంలో ఉంది.

4. బన్‌గావ్: 1971 జూన్ - ఆగస్టు

4.1 వ్యాధి: ఇరుకైన శిబిరాలు, కలుషితమైన నీరు, ఆపై వర్షాకాలం. మే నెలలో మొదలైన కలరా కేసులు సెప్టెంబరు నాటికి 46,000 దాటాయి. కలరా చంపేది శరీరంలోని నీటిని, లవణాలను ఖాళీచేయడం ద్వారా. తీవ్రంగా సోకిన పెద్దవారు గంటకు లీటరు వరకు ద్రవం కోల్పోవచ్చు. చిన్నపిల్లల శరీరంలో నీటి నిల్వలు తక్కువ కాబట్టి వారికి మిగిలే వ్యవధి కూడా తక్కువే. పోయినదాన్ని పోయినంత వేగంగా తిరిగి నింపడమే చికిత్స. అప్పటివరకు ప్రామాణికంగా భావించిన మార్గం రక్తనాళంలోకి సెలైన్ ఎక్కించడం. అందుకు శుద్ధిచేసిన ద్రవం, సూది, గొట్టం, మంచం, శిక్షణ పొందిన చేయి కావాలి. శిబిరాల్లో ఇవన్నీ కొరతే.

ప్రత్యామ్నాయానికి శాస్త్రీయమైన పునాది అప్పటికే ఉంది. పేగు గోడ గ్లూకోజును గ్రహించేటప్పుడు దానితోపాటు సోడియంను కూడా లోపలికి తీసుకొంటుందనీ, నీరు వాటిని అనుసరిస్తుందనీ 1960 దశకపు పరిశోధనలు తేల్చాయి. కలరాలో కూడా ఈ మార్గం చెడిపోదు. 1953లోనే కలకత్తాకు చెందిన హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది రోగులకు నోటిద్వారా ద్రవం ఇచ్చి ఫలితాలను ‘లాన్సెట్’లో ప్రచురించారు. 1968లో ఢాకాలోని కలరా పరిశోధనశాలలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ ఆస్పత్రి రోగులపై దీనిని నిరూపించారు. అయితే అవన్నీ వైద్యుల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదులతో జరిగిన పరీక్షలు. ఆస్పత్రి గోడల వెలుపల, శిక్షణలేని చేతుల్లో ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

4.2 స్థలం: కలకత్తాను జెస్సోర్‌తో కలిపే రోడ్డుపై, సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం బన్‌గావ్. అక్కడి చిన్న ఆస్పత్రికి శక్తికి మించిన సంఖ్యలో రోగులు వచ్చారు. కలకత్తాలోని జాన్స్ హాప్‌కిన్స్ అంతర్జాతీయ వైద్య పరిశోధన, శిక్షణ కేంద్రానికి చెందిన శిశువైద్యుడు దిలీప్ మహలనబీస్ బృందం జూన్‌లో అక్కడికి చేరింది. రెండు గదుల నిండా నేలమీదనే రోగులు పడి ఉన్నారనీ, వాంతులు, విరేచనాల మధ్య మోకరిల్లి సెలైన్ పెట్టవలసి వచ్చిందనీ ఆయన తర్వాతి కాలంలో గుర్తుచేసుకొన్నారు. సెలైన్ నిల్వలు చాలవనీ, పెట్టగలవారు కూడా చాలరనీ రెండు రోజుల్లోనే తేలిపోయింది.

అప్పుడాయన నోటిద్వారా ఇచ్చే ద్రవాన్ని ఆశ్రయించారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. కలకత్తా కేంద్రంలోని గ్రంథాలయ గదిలో వీటిని తూచి, పాలిథీన్ సంచుల్లో పోసి, వేడి ఇస్త్రీపెట్టెతో అతికించి బన్‌గావ్‌కు పంపారు. అక్కడ వాటిని పెద్ద డ్రమ్ముల్లోని నీటిలో కలిపారు. డ్రమ్ముకు కుళాయి బిగించారు. లీటరుకు ఖర్చు 11 పైసలు.

4.3 చేతులు: ఈ ఏర్పాటులో చరిత్రకారుడు ఆగి చూడవలసినది డ్రమ్ము తర్వాతి దశను. కుళాయి నుంచి ద్రవాన్ని పట్టుకెళ్లి, నేలమీద పడుకొన్న రోగికి గుక్కగుక్కగా తాగించినది తల్లులు, ఇతర బంధువులు, స్నేహితులు. చెప్పినంత తేలికైన పని కాదిది. రోగి వాంతి చేసుకొంటాడు. బిడ్డ మొహం తిప్పేస్తుంది. కాసేపాగి మళ్లీ పట్టాలి. ఎంత పోయిందో చూసి అంత తాగించాలి. దాహం తీరేవరకు, నాడి తేరుకొనేవరకు, రాత్రింబవళ్లు విడవకుండా పట్టాలి. ఒక సెలైన్ సీసాను తగిలించిన నర్సు మరొక రోగి దగ్గరకు వెళ్లగలదు. ఈ చికిత్సలో మాత్రం మనిషి పక్కన మనిషి ఉండి తీరాలి. అక్కడ దేనికైనా కొరత లేదంటే రోగి పక్కన కూర్చొనే మనిషికే. కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాల వద్ద మిగిలిన ఏకైక సంపద అదే.

జూన్ చివరి నుంచి ఆగస్టు చివరి వరకు దాదాపు 3,700 మంది రోగులు ఈ కేంద్రంలో చికిత్స పొందారు. వారిలో మరణించినవారు 3.6 శాతం. అంతకుముందు ఆ పరిస్థితుల్లో మరణాల రేటు దాదాపు 30 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ధీమన్ బారువా స్వయంగా వచ్చి చూసి, దీని ప్రాధాన్యాన్ని గుర్తించారు. 1973లో మహలనబీస్, ఆయన సహచరులు ఫలితాలను ప్రచురించారు. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార వ్యాధుల నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించి ఓ.ఆర్.ఎస్.ను దాని కేంద్రంలో నిలిపింది. ఇరవయ్యో శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్య ప్రగతి ఇదే కావచ్చునని ‘లాన్సెట్’ ఆ ఏడాదే అభిప్రాయపడింది.

5. ఫలితాన్ని చదివే తీరు

బన్‌గావ్ ఉదంతాన్ని సాధారణంగా ఒక వైద్యుని సాహసగాథగా చెబుతారు. ఆ సాహసం నిజం. ఆమోదించిన పద్ధతిని కాదని నిర్ణయం తీసుకొన్నది, విఫలమైతే నింద మోయవలసినది ఆయనే. 2022లో మరణించిన మహలనబీస్‌కు 2023లో ప్రకటించిన పద్మవిభూషణ్ ఆలస్యంగా అందిన గౌరవమే. అయితే శాస్త్రీయంగా చూసినా బన్‌గావ్ నిరూపించినది ద్రావణపు పనితీరును కాదు. అది ఢాకాలోనే రుజువైంది. సామాన్య కుటుంబీకుల చేతుల్లో కూడా అది పనిచేస్తుందన్నదే ఇక్కడ కొత్తగా తేలిన సంగతి. అప్పటి వైద్యవర్గాల సంశయం కూడా సరిగ్గా ఈ విషయంపైనే. చదువురాని తల్లి మోతాదు పాటించగలదా, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కదా అని వారు శంకించారు. కాబట్టి పరీక్షకు నిలిచినది ద్రావణం ఒక్కటే కాదు, తల్లి సామర్థ్యం కూడా. 1973 పత్రానికి రచయితలు ఐదుగురు. తాగించినవారి పేర్లు అందులో లేవు. అటువంటి పత్రంలో ఉండవు కూడా. కాని చరిత్ర రచన వైద్యపత్రపు సంప్రదాయానికి కట్టుబడవలసిన పనిలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, దీనిని మాతృప్రేమ మహిమగా చిత్రించడం సరికాదు. ప్రేమ ఒక్కటే చాలినట్లయితే అంతకుముందు ముప్పైశాతం మంది చనిపోయేవారు కారు. ఆ తల్లులకు కూడా బిడ్డలపై ప్రేమ తక్కువేమీ కాదు. సరైన పాళ్లలో కలిపిన ద్రవం, దానిని ఆమె చేతికి అప్పగించిన ఏర్పాటు తోడైనప్పుడే ఆమె సంరక్షణ ఫలించింది. అతి తీవ్ర స్థితిలో వచ్చినవారికి సెలైన్ కూడా అవసరమైంది. రెండవది, బంధువులు చికిత్సలో పాల్గొన్నది లేమివల్ల. ప్రభుత్వం, ప్రపంచం అందించలేని శ్రమను శిబిరంలోని కుటుంబం ఉచితంగా అందించింది. తల్లి సామర్థ్యాన్ని గుర్తించడం ఆ లేమిని సమర్థించడానికి వాదం కాకూడదు.

ఈ రెండు జాగ్రత్తలతో చూసినప్పుడు ‘సహాయం అందించినవారు, పొందినవారు’ అన్న విభజన నిలవదు. శిబిరంలో తల్లి ఏకకాలంలో రెండూ. చికిత్స ఎవరి ద్వారా రోగికి చేరిందో వారిని కేవలం గ్రహీతలుగా లెక్కించడం చారిత్రకంగా తప్పుడు లెక్క.

6. తిరుగుప్రయాణం, తర్వాతి కాలం

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 1972 జనవరి 1 నుంచి వ్యవస్థీకృతంగా తిరుగుప్రయాణం మొదలైంది. ఫిబ్రవరి చివరికి 90 లక్షలమందికి పైగా వెనుదిరిగారు. మార్చి 25 నాటికి భారతదేశంలో మిగిలినవారు సుమారు 60,000 అని ప్రభుత్వం అంచనా వేసింది. అంత పెద్ద జనసమూహం అంత తక్కువ కాలంలో స్వదేశం చేరడం ఆధునిక చరిత్రలో అరుదు. వారు చేరింది కాలిన ఇళ్లకు, బీడుపడ్డ పొలాలకు.

ఆ ఏడాదే ఫజ్లే హసన్ అబేద్ సిల్హెట్ ప్రాంతంలోని సుల్లాలో, తిరిగివచ్చిన శరణార్థులను నిలబెట్టడానికి ‘బ్రాక్’ సంస్థను స్థాపించారు. 1980 నుంచి 1990 వరకు ఆ సంస్థ మహిళా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి తల్లులకు నోటి ద్రవచికిత్స నేర్పారు. గ్లూకోజు పొట్లాలు అందని పల్లెల కోసం మూడువేళ్లతో పట్టినంత ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీరు అనే కొలతను ఎంచుకొన్నారు. దాదాపు 1 కోటి 20 లక్షల ఇళ్లకు ఈ విద్య చేరింది. కార్యకర్త వేతనాన్ని ఎన్ని ఇళ్లు తిరిగిందన్నదాన్నిబట్టి కాక, తల్లి ఎంత గుర్తుంచుకొంది, ద్రావణాన్ని ఎంత సరిగా కలపగలిగింది అన్నదాన్నిబట్టి లెక్కించారు. బన్‌గావ్‌లో అవసరం కొద్దీ జరిగినది ఇక్కడ విధానంగా మారింది. తల్లి సామర్థ్యంపై సంశయం పోయి, ఆమె సామర్థ్యమే కార్యక్రమానికి కొలమానమైంది.

7. ముగింపు

1971 శరణార్థుల చరిత్రను పై ఆధారాల వెలుగులో చూసినప్పుడు కొన్ని అంశాలు స్పష్టమవుతాయి.

- అధికారిక గణాంకాలు, ఛాయాచిత్రాలు, న్యాయనిర్వచనాలు శరణార్థి తల్లిని బాధితురాలిగా నమోదు చేశాయి. ఆమె శ్రమ వాటి పరిధిలోకి రాలేదు.
- బన్‌గావ్ చికిత్సా ఫలితం వైద్యుని నిర్ణయం, చవకైన ద్రావణం, తల్లుల, ఇతర ఆత్మీయుల ఎడతెగని పరిచర్య అనే మూడింటి సమష్టి ఫలితం. మూడవది లేకపోతే మొదటి రెండూ రోగి నోటివరకు చేరేవి కావు.
- శిబిరంలో తేలిన ఈ సత్యమే తర్వాత ప్రపంచ ప్రజారోగ్య విధానానికి పునాదులలో ఒకటైంది.

నేడు తెలుగు పల్లెల్లో ఆశా కార్యకర్త ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని ఏ తల్లైనా సందేహం లేకుండా నీటిలో కలుపుతుంది. ఆమె కలపగలదని వైద్యశాస్త్రం నమ్మడానికి వెనుక, జెస్సోర్ రోడ్డు వెంట దిక్కుతోచక నడిచివచ్చిన స్త్రీల చేతులున్నాయి. యుద్ధాల చరిత్రలో ఎవరు గెలిచారు, ఎందరు మరణించారు, ఎందరు పారిపోయారు అన్న ప్రశ్నలతోపాటు, బ్రతికినవారిని ఎవరు బ్రతికించారన్న ప్రశ్నను కూడా పరిశోధకులు అడగవలసి ఉంది. శరణార్థుల చరిత్రలో ఆ ప్రశ్న వేసుకొన్న ప్రతిచోటా సమాధానం కోసం ముందుగా తల్లివైపు చూడవలసివస్తుంది.